లాగి వదిలాక బటన్ ఎందుకు మొరాయిస్తుంది? విజువల్ ఎడిటర్లలో పేరు, చోటు, గుర్తింపు

క్లుప్తంగా: విజువల్ ఎడిటర్‌లో (మౌస్‌తో లాగి వదులుతూ స్క్రీన్‌ను తయారుచేసే సాధనంలో) బటన్, ప్యానెల్ లాంటి ఒక ఎలిమెంట్‌ను లాగి మరోచోట పెట్టినప్పుడు మారాల్సింది దాని చోటు ఒక్కటే. చాలా ఎడిటర్లలో పేరు, చోటు, అంతర్గత గుర్తింపు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. అందుకే చోటు మారగానే పేరు మారిపోవడమో, ఆ పేరు పట్టుకుని వెతికే కోడ్ దారి తప్పడమో జరుగుతుంది. ఈ ముడి ఎక్కడెక్కడ పడుతుందో, వేర్వేరు ఎడిటర్లు దాన్ని ఎలా విప్పాయో ఈ వ్యాసం వివరిస్తుంది.

స్క్రీన్ మీద అంతా సరిగ్గానే ఉంటుంది. పై ప్యానెల్‌లోని లాగిన్ బటన్‌ను మౌస్‌తో పట్టుకుని కింది ప్యానెల్‌లోకి లాగి వదిలితే చక్కగా అక్కడ కూర్చుంటుంది. రంగు, సైజు, దాని మీది అక్షరాలు ఏవీ మారవు. ప్రోగ్రామ్ రన్ చేశాక మాత్రం బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ ఉండదు. లేదంటే ఆ పేరుతో ఎలిమెంట్ ఏదీ దొరకలేదని ఎర్రర్ వస్తుంది. కోడ్‌లో ఒక్క అక్షరం కూడా ముట్టుకోలేదు కాబట్టి తప్పు ఎక్కడుందో తెలియక కొత్తవాళ్లు గంటల తరబడి వెతుకుతారు.

ఈ సమస్య కొత్తది కాదు. 1980ల చివర్లో నెక్స్ట్ కంప్యూటర్ల మీద వచ్చిన ఇంటర్‌ఫేస్ బిల్డర్, 1991లో వచ్చిన విజువల్ బేసిక్, 1995లో వచ్చిన డెల్ఫీ, ఇవన్నీ ఒక్కొక్కటి ఒక్కో రకంగా దీన్ని ఎదుర్కొన్నాయి. ఇప్పటి ఎక్స్‌కోడ్, ఆండ్రాయిడ్ స్టూడియో, గోడో, ఫిగ్మా వంటి వాటికీ ఇది తప్పలేదు.

## ఒకే ఎలిమెంట్, మూడు గుర్తులు

ఎడిటర్‌లోని ఒక ఎలిమెంట్‌ను మూడు రకాలుగా గుర్తుపట్టవచ్చు. మొదటిది మనిషి పెట్టిన పేరు, ఉదాహరణకు ‘లాగిన్‌బటన్’. రెండోది దారి, అంటే ప్రధాన ఫారంలో పై ప్యానెల్, అందులో మూడో ఎలిమెంట్ అని చెప్పడం. మూడోది ఎడిటర్ తన అవసరం కోసం పుట్టించుకునే ఐడీ. దీన్ని మనిషి చదవాల్సిన పనిలేదు, మార్చాల్సిన పని అంతకన్నా లేదు.

ఆపిల్ యాప్‌లు తయారుచేసే ఎక్స్‌కోడ్‌లో స్టోరీబోర్డ్ ఫైల్‌ను (యాప్ స్క్రీన్ల డిజైన్ ఉండే ఫైల్‌ను) మామూలు టెక్స్ట్‌గా తెరిచి చూస్తే, ప్రతి ఎలిమెంట్ పక్కన హైఫన్లతో విడగొట్టిన చిన్న ఐడీ ఒకటి కనిపిస్తుంది. బటన్‌కూ కోడ్‌కూ మధ్య ఉన్న కనెక్షన్ ఆ ఐడీనే పట్టుకుని ఉంటుంది. బటన్‌ను ఒక వ్యూ నుంచి మరో వ్యూలోకి లాగినా ఐడీ మారదు కాబట్టి కనెక్షన్ తెగదు. అక్కడ తెగేది ఇంకోచోట. కోడ్ వైపు ఉన్న ప్రాపర్టీ పేరును ఎవరైనా చేత్తో మార్చితే, పాత పేరు స్టోరీబోర్డ్‌లో అలాగే ఉండిపోయి, ఆ స్క్రీన్ తెరుచుకునేటప్పుడు యాప్ క్రాష్ అవుతుంది.

గేమ్‌లు తయారుచేసే యూనిటీ ఎడిటర్ ఇంకో అడుగు ముందుకు వేసి, పేర్లు ఒకదానికొకటి వేరుగా ఉండాలన్న నియమాన్నే వదిలేసింది. ఒకే సీన్‌లో ఒకే పేరుతో పది వస్తువులు ఉండొచ్చు. వాటి మధ్య ఉన్న రిఫరెన్సులు సీన్ ఫైల్‌లోని అంకెల ఐడీల మీద నడుస్తాయి. పేరు కేవలం మనిషి చదువుకోవడానికే. ఈ పద్ధతిలో లాగి వదలడం నిశ్చింతగా సాగుతుంది. అయితే పేరు పెట్టి వెతికే కోడ్ రాసినవాళ్లకు ఆ పదింటిలో ఏది దొరుకుతుందన్నది వేరే టెన్షన్.

## పట్టుకోవడం నుంచి వదలడం దాకా

మౌస్ బటన్ నొక్కగానే లాగడం మొదలైనట్టు కాదు. మామూలు క్లిక్‌లో కూడా చేయి కొద్దిగా కదులుతుంది. అందుకే కొంత దూరం దాటాకే దాన్ని డ్రాగ్‌గా లెక్కిస్తారు. విండోస్‌లో ఆ హద్దు డిఫాల్ట్‌గా 4 పిక్సెళ్లు. ఆండ్రాయిడ్‌లో వేలి స్పర్శకు 8 డీపీ (స్క్రీన్ పిక్సెళ్ల సాంద్రతతో సంబంధం లేని కొలత). ఈ హద్దు పెట్టని ఎడిటర్‌లో ఎలిమెంట్‌ను సెలెక్ట్ చేద్దామని క్లిక్ చేసిన ప్రతిసారీ అది ఒకటి రెండు పిక్సెళ్లు పక్కకు జరుగుతూ ఉంటుంది. డిజైన్ అంతా కాసేపటికి వంకరపోతుంది.

లాగుతున్నంతసేపూ ఎడిటర్ అడుగుతూ ఉండే ప్రశ్న ఒకటే: మౌస్ కింద ఇప్పుడు ఏ కంటెయినర్ (ప్యానెల్ లాగా ఇతర ఎలిమెంట్లను తనలో ఉంచుకునేది) ఉంది? మౌస్ కింద అన్నిటికన్నా పైన ఉండేది లాగుతున్న ఎలిమెంట్ తాలూకు నీడ బొమ్మ. దాన్ని లెక్కలోంచి తప్పించకపోతే ప్రతిసారీ జవాబుగా అదే వస్తుంది. దాన్ని తప్పించాక ఇంకో తనిఖీ కూడా ఉండాలి. ఒక ప్యానెల్‌ను దానిలోనే ఉన్న చిన్న ప్యానెల్‌లోకి వదలనిస్తే, రెండూ ఒకదానిలో ఒకటి ఇరుక్కుని చెట్టు నుంచి, అంటే ఏది దేనిలో ఉందో చెప్పే అమరిక నుంచి, విడిపోతాయి. స్క్రీన్ మీద రెండూ మాయమవుతాయి. అందువల్ల వదలబోయే చోటు నుంచి పైకి, ఆ చెట్టు మొదలు దాకా నడిచి, దారిలో లాగుతున్న ఎలిమెంట్ తగిలితే వదలడాన్ని నిరాకరించాలి.

బ్రౌజర్‌లో నడిచే ఎడిటర్లకు ఇక్కడ అదనంగా రెండు చిక్కులు ఉన్నాయి. బ్రౌజర్ సొంత డ్రాగ్ సదుపాయం వాడినప్పుడు, వెంట మోసుకెళ్లే డేటాను లాగడం మొదలైనప్పుడు, మళ్లీ వదిలినప్పుడు మాత్రమే చదవగలం. మధ్యలో, అంటే ఒక కంటెయినర్ మీదుగా వెళ్తున్నప్పుడు, ఆ డేటా రకం ఏమిటో తెలుస్తుంది కానీ లోపల ఏముందో తెలియదు. వేరే సైట్ల మీదుగా వెళ్లే సమాచారాన్ని ఆ పేజీలు దొంగచాటుగా చదవకుండా పెట్టిన రక్షణ ఇది. ఎడిటర్‌కు మాత్రం ‘ఈ ఎలిమెంట్‌ను ఇక్కడ వదలనివ్వాలా’ అని తేల్చుకోవాల్సింది సరిగ్గా ఆ మధ్య సమయంలోనే.

దీనికి కొందరు ఎలిమెంట్ పేరునే డేటా రకం పేరులో ఇరికించి పంపుతారు. అక్కడే రెండో చిక్కు. రకం పేరులోని పెద్ద అక్షరాలన్నిటినీ బ్రౌజర్ చిన్న అక్షరాలుగా మార్చేస్తుంది. ఇంగ్లిష్‌లో పెద్ద, చిన్న అక్షరాలు కలిపి పెట్టిన పేరు అవతలి వైపు చిన్న అక్షరాలతో చేరుతుంది. కోడ్ దృష్టిలో అది వేరే పేరు. పేరు పంపడం మానేసి, లాగడం మొదలైనప్పుడే ఆ ఎలిమెంట్ ఐడీని ఎడిటర్ తన సొంత మెమరీలో పెట్టుకుంటే రెండు చిక్కులూ పోతాయి.

## చోటు అంటే ఏ చోటు?

వదిలిన చోటును లెక్కగట్టడం చూడటానికి తీసివేతల లెక్కే. తప్పులు ఎక్కువగా దొర్లేదీ ఇక్కడే. కాన్వాస్ (డిజైన్ గీసే చోటు) ఎడిటర్ విండోలో 200, 100 వద్ద మొదలవుతుందని, జూమ్ 50 శాతం ఉందని అనుకుందాం. మౌస్‌ను 460, 300 వద్ద వదిలారు. కాన్వాస్ లెక్కలో అది 520, 400 అవుతుంది, ఎందుకంటే తేడాలను 0.5తో భాగించాలి. బటన్‌ను పట్టుకున్నది దాని మూల దగ్గర కాకుండా లోపలికి 12, 8 దూరంలో అయితే, బటన్ ఎడమ పై మూల 508, 392 వద్దకు వస్తుంది. వదిలిన ప్యానెల్ 300, 200 వద్ద ఉంటే ఆ ప్యానెల్ లోపలి లెక్కలో బటన్ చోటు 208, 192. ఇందులో ఒక్క మెట్టు మరిచిపోయినా బటన్ గెంతినట్టు పక్కకు పోతుంది. పట్టుకున్న దూరాన్ని తీసివేయకపోతే వదిలిన ప్రతిసారీ బటన్ మూల మౌస్ ముల్లుకు అతుక్కుంటుంది.

వరుసగా పేర్చే కంటెయినర్లలో పిక్సెళ్లతో పని ఉండదు, వరుస సంఖ్యతోనే పని. అక్కడ ఎదురయ్యే తప్పు ఇలా ఉంటుంది. ఐదు బటన్ల వరుసలో రెండోదాన్ని నాలుగు, ఐదు బటన్ల మధ్య వదిలారు. చూపించిన గీత ఐదో స్థానాన్ని సూచిస్తుంది. పాత చోటు నుంచి బటన్‌ను తీయగానే వెనకవన్నీ ఒక స్థానం ముందుకు జరుగుతాయి. ఇప్పుడు ఐదో స్థానంలో పెడితే అది అన్నిటికన్నా చివరకు చేరుతుంది. ఒకే కంటెయినర్‌లో ముందు నుంచి వెనక్కి లాగినప్పుడు మాత్రమే ఈ తప్పు బయటపడుతుంది. అందుకే ఇది టెస్టింగ్‌లో తరచూ దొరక్కుండా జారిపోతుంది.

ఎలిమెంట్లను ఒకదానితో ఒకటి బంధించి అమర్చే ఆండ్రాయిడ్ కన్‌స్ట్రెయింట్ లేఅవుట్‌లో చోటు నేరుగా పేర్ల మీదే ఆధారపడుతుంది. ‘నా ఎడమ అంచు ఫలానా ఐడీ ఉన్న ఎలిమెంట్ కుడి అంచుకు’ అని రాసుకోవాలి. అలా ఏ బంధమూ ఇవ్వకుండా ఒక బటన్‌ను మధ్యలో వదిలితే ఎడిటర్‌లో అది మధ్యలోనే కనిపిస్తుంది. ఆ చోటును ఎడిటర్ కేవలం తన కోసం రాసుకుంటుంది. యాప్ నడిచేటప్పుడు ఆ సంగతిని ఎవరూ చదవరు. ఫోన్‌లో బటన్ ఎడమ పై మూలకు పోయి కూర్చుంటుంది. ఈ బంధాలు ఒకే లేఅవుట్‌లోని తోబుట్టువుల మధ్య, లేదా వాటిని తనలో ఉంచుకున్న పేరెంట్‌తో మాత్రమే పనిచేస్తాయి. కాబట్టి ఒక ఎలిమెంట్‌ను వేరే లేఅవుట్‌లోకి లాగితే, దాని పేరు పట్టుకుని నిలబడ్డ పక్క ఎలిమెంట్లు కూడా ఆసరా కోల్పోతాయి. లాగింది ఒకదాన్ని, కదిలింది నాలుగు అన్నట్టు కనిపించడానికి కారణం ఇదే.

## పేరు ఏ పరిధిలో చెల్లుతుంది?

పేరు ఒక్కటే ఉండాలన్న నియమం పెట్టిన ప్రతి ఎడిటర్ ‘ఎంత పరిధిలో ఒక్కటే’ అన్నది తేల్చుకోవాలి. డెల్ఫీ దీనికి ఇచ్చిన జవాబు ఇప్పటికీ చదవదగ్గది. అందులో ప్రతి కంపోనెంట్‌కు ఓనర్, పేరెంట్ అని ఇద్దరు ఉంటారు. స్క్రీన్ మీద ఎవరి లోపల కనిపించాలన్నది పేరెంట్ చూసుకుంటుంది. పేరు ఎవరి కింద నమోదై ఉంది, ఎవరు పోతే తనూ పోవాలి అన్నది ఓనర్ చూసుకుంటుంది. సాధారణంగా ఓనర్ అంటే మొత్తం ఫారమే. బటన్‌ను ఒక ప్యానెల్ నుంచి మరో ప్యానెల్‌లోకి మార్చినప్పుడు పేరెంట్ మాత్రమే మారుతుంది. ఓనర్ మారదు కాబట్టి పేరుకు ఢోకా లేదు, కోడ్‌కూ ఢోకా లేదు. కనిపించే చెట్టును, పేర్ల పట్టికను వేరువేరుగా ఉంచాలన్న ఈ ఒక్క నిర్ణయం వల్ల పైన చెప్పుకున్న తలనొప్పులు చాలావరకు పుట్టనే పుట్టవు.

విండోస్ ప్రోగ్రామ్‌ల కోసం మైక్రోసాఫ్ట్ తెచ్చిన డబ్ల్యూపీఎఫ్‌లో పరిధికి నేమ్‌స్కోప్ అని పేరు. ఒక పేజీకి ఒక నేమ్‌స్కోప్ ఉంటుంది, పేజీలోని ప్రతి టెంప్లేట్‌కూ విడిగా ఇంకొకటి ఉంటుంది. ఒకే పరిధిలో ఒకే పేరు రెండుసార్లు వస్తే ఎర్రర్ వస్తుంది. టెంప్లేట్ లోపలి పేరు బయటి కోడ్‌కు నేరుగా కనిపించదు. టెంప్లేట్ బయట ఉన్న టెక్స్ట్‌బాక్స్‌ను లోపలికి లాగితే దాని పేరు చెక్కుచెదరదు, కానీ ఆ పేరు ఇప్పుడు వేరే పట్టికలో ఉంటుంది. దాన్ని పేరు పెట్టి పిలిచే బైండింగులు (ఒక ఎలిమెంట్ విలువను మరోదానిలో చూపించే లింకులు) నిశ్శబ్దంగా పనిచేయడం మానేస్తాయి. ప్రోగ్రామ్ ఆగదు, ఆ విలువ మాత్రం కనిపించదు. ఎర్రర్ చూపించి ఆగిపోయే తప్పుకన్నా ఇలాంటిది పట్టుకోవడం చాలా కష్టం.

వెబ్ పేజీల విషయంలో నియమం కఠినం, అమలు మెతక. ఒక పేజీలో ఒక ఐడీ ఒక్కసారే ఉండాలని హెచ్‌టీఎంఎల్ ప్రమాణం చెబుతుంది. రెండుసార్లు ఉన్నా బ్రౌజర్ గొడవ చేయదు. ఐడీతో వెతికితే చెట్టు వరుసలో ముందు వచ్చేదాన్ని ఇస్తుంది. ఇప్పుడు ఒకే ఐడీ ఉన్న రెండు బటన్లలో మొదటిదాన్ని లాగి పేజీ కిందికి తీసుకెళ్తే, రెండోది ముందుకు వస్తుంది. అప్పటిదాకా సరిగ్గా నడిచిన కోడ్ ఇక నుంచి రెండో బటన్‌ను పట్టుకుంటుంది. డ్రాగ్ చేసినవారికి తమ చర్యకూ ఈ ఫలితానికీ సంబంధం ఉందని తట్టే అవకాశం చాలా తక్కువ.

రేడియో బటన్లది ఇంకాస్త సూక్ష్మమైన సంగతి. ఒకే ఫారంలో ఒకే పేరున్న రేడియో బటన్లన్నీ ఒక గుంపు. టిక్ పెట్టి ఉన్న రేడియో బటన్‌ను వేరే ఫారంలోకి లాగితే, అక్కడ అదే పేరుతో మరో గుంపు ఉన్నట్టయితే ఇది ఆ గుంపులో చేరిపోతుంది. అక్కడ అప్పటికే టిక్ ఉన్న బటన్ టిక్ పోతుంది. తిరిగి పాత చోటికి లాగినా పోయిన టిక్ తిరిగి రాదు.

## దారినే నమ్ముకుంటే

గేమ్‌లు తయారుచేసే గోడో ఇంజన్‌లో స్క్రిప్టులు మామూలుగా ఒక నోడ్‌ను (అక్కడ ఎలిమెంట్‌కు ఉన్న పేరు) దారి ద్వారా పిలుస్తాయి. ఈ ప్యానెల్ లోపల ఆ వరుస, దాని లోపల లాగిన్‌బటన్ అన్నట్టు. బటన్‌ను అడుగు భాగంలోని మరో వరుసలోకి లాగితే, ఇల్లు మారిన మనిషిని పాత అడ్రసులో వెతికినట్టు అవుతుంది. స్క్రిప్టుకు ఏమీ దొరకదు. యానిమేషన్లలో తానే రాసుకున్న దారులను ఎడిటర్ సరిచేస్తుంది. మనిషి కోడ్‌లో రాసిన దారి జోలికి మాత్రం వెళ్లదు. అది కేవలం అక్షరాల వరుస కావచ్చు, కోడ్ నడిచేటప్పుడు అతికించి తయారుచేసింది కావచ్చు. ఊహించి మార్చడం కన్నా వదిలేయడమే నయం.

2022లో వచ్చిన గోడో 3.5 దీనికి సీన్‌లో ప్రత్యేక పేరు అనే సదుపాయం తెచ్చింది. ఒక నోడ్‌కు ఆ గుర్తు పెడితే శాతం గుర్తుతో మొదలయ్యే పేరుతో సీన్‌లో ఎక్కడినుంచైనా పిలవొచ్చు. ఆ నోడ్‌ను సీన్ లోపల ఎక్కడికి లాగినా పిలుపు అందుతుంది. డెల్ఫీలో ఫారం చేసిన పనిని ఇక్కడ సీన్ చేస్తోంది. అయితే ఇది ప్రతి నోడ్‌కూ దానంతటది రాదు, కావాలని పెట్టుకోవాలి. ఎన్నో సీన్లు ఒకదానిలో ఒకటి చొప్పించే చోట, ప్రతి పేరూ ప్రత్యేకం కావాలంటే పేర్లు పెట్టడమే ఒక పని అవుతుంది కాబట్టి ఈ ఎంపికలో న్యాయం ఉంది.

## కంట్రోల్ కీ నొక్కి లాగితే

చాలా ఎడిటర్లలో కంట్రోల్ లేదా ఆల్ట్ కీ నొక్కి లాగితే కాపీ అవుతుంది. కాపీకి అదే పేరు ఉండకూడదు. అందుకే చివర అంకె తగిలించి కొత్త పేరు పుట్టిస్తారు. విజువల్ బేసిక్ 6 వరకు ఉన్న వెర్షన్లు, కాపీ చేసి పేస్ట్ చేసినప్పుడు, ఆగి ఒక ప్రశ్న అడిగేవి: ఈ పేరుతో కంట్రోల్ (అంటే ఎలిమెంట్) ఇప్పటికే ఉంది, రెండింటినీ కలిపి కంట్రోల్ అరే చేయమంటారా? అవునంటే పేరు ఒకటే, వరుస సంఖ్య వేరు. పేరు గొడవను దాచిపెట్టకుండా వాడేవారి ముందే పెట్టిన పద్ధతి అది.

ఒక్క బటన్‌ను కాపీ చేయడం తేలిక. ఒక ప్యానెల్ మొత్తాన్ని కాపీ చేసినప్పుడే అసలు పరీక్ష. ఆ ప్యానెల్‌లో ఒక లేబుల్, ఒక టెక్స్ట్‌బాక్స్ ఉన్నాయి. లేబుల్ ఆ టెక్స్ట్‌బాక్స్‌ను పేరుతో సూచిస్తోంది. కాపీలో టెక్స్ట్‌బాక్స్‌కు కొత్త పేరు పెట్టి, లేబుల్‌లోని సూచనను పాతగానే వదిలేస్తే, కొత్త లేబుల్ మీద క్లిక్ చేసినప్పుడు పాత ప్యానెల్‌లోని బాక్స్‌లోకి కర్సర్ వెళ్తుంది. సరైన పద్ధతి ఏమిటంటే, కాపీ చేసిన గుంపులోని పాత పేర్లకూ కొత్త పేర్లకూ ఒక పట్టిక తయారుచేసి, గుంపు లోపలికి చూపే సూచనలన్నిటినీ దాని ప్రకారం మార్చడం. గుంపు బయటికి చూపే సూచనలను అలాగే ఉంచడం. ఎస్‌వీజీ బొమ్మల్లో రంగుల గ్రేడియంట్లు కూడా ఐడీలతోనే పిలవబడతాయి కాబట్టి, బొమ్మను ఒక పేజీ నుంచి మరోదానికి తెచ్చినప్పుడు రంగులు తారుమారైతే మొదట అనుమానించాల్సింది దీన్నే.

## వెనక్కి తిప్పడం

ఒక డ్రాగ్‌లో వందలసార్లు మౌస్ కదిలినట్టు సంకేతాలు వస్తాయి. అన్‌డూ జాబితాలోకి మాత్రం ఒక్క అడుగే చేరాలి. ఆ అడుగులో పాత పేరెంట్, పాత వరుస సంఖ్య, పాత కొలతలు ఉండాలి. కొత్త చోట పేరు ఢీకొని మార్చాల్సి వచ్చి ఉంటే పాత పేరు, సరిచేసిన సూచనలు కూడా అందులోనే ఉండాలి. చోటు వెనక్కి వచ్చి పేరు మాత్రం కొత్తదే మిగిలిపోయే అన్‌డూ, అసలు అన్‌డూ లేకపోవడం కన్నా ప్రమాదం. వాడేవారు అంతా మునుపటిలాగే ఉందని నమ్మేస్తారు.

బ్రౌజర్ ఎడిటర్లలో తిరిగి రాని మరో సంగతి, ఎలిమెంట్ లోపలి స్థితి. ఎలిమెంట్‌ను కదపడమంటే లోలోపల తీసేసి మళ్లీ పెట్టడమే. అందువల్ల లోపల ఉన్న ఐఫ్రేమ్ (పేజీలో పొదిగిన మరో పేజీ) మళ్లీ మొదటినుంచి లోడ్ అవుతుంది, ఫోకస్ పోతుంది, నడుస్తున్న యానిమేషన్ మొదటికి వస్తుంది. స్థితి చెడకుండా ఎలిమెంట్‌ను జరిపే కొత్త పద్ధతి ఒకటి 2025 మొదట్లో క్రోమ్ 133లో వచ్చింది. అన్ని బ్రౌజర్లలో ఉంటుందన్న భరోసాతో దాన్ని వాడలేం కాబట్టి, పాత పద్ధతికి కూడా ఎడిటర్ సిద్ధంగా ఉండాలి.

## ఒకే కాన్వాస్ మీద ఇద్దరు

ఇద్దరు ఒకేసారి ఎడిట్ చేసే సాధనాల్లో కొత్త రకం ఢీ పుడుతుంది. ఒకరు మొదటి ఫ్రేమ్‌ను రెండోదానిలోకి, అదే క్షణంలో మరొకరు రెండోదాన్ని మొదటిదానిలోకి లాగారు. ఎవరి కంప్యూటర్‌లో వారిది సరైన చర్యే. రెండూ కలిపితే గుండ్రంగా తిరిగే చెట్టు అవుతుంది. పలువురు కలిసి డిజైన్ చేసే ఫిగ్మాలో ఇలాంటి మార్పును సర్వర్ నిరాకరిస్తుంది. ప్రతి వస్తువూ తన పేరెంట్ ఎవరో తనలోనే రాసుకుంటుంది. వరుసను పూర్ణ సంఖ్యలతో కాక భిన్నాలతో ఉంచుతారు. రెండు వస్తువుల మధ్య మూడోదాన్ని వదిలితే దానికి ఆ రెండింటి మధ్య విలువ ఇస్తే చాలు, మిగతావాటి సంఖ్యలు మార్చక్కర్లేదు. పైన చెప్పిన ఐదు బటన్ల వరుస తప్పు ఈ పద్ధతిలో పుట్టడానికే వీల్లేదు.

## లాగకుండా జరిపే దారి

పట్టుకుని లాగడం అందరికీ సాధ్యం కాదు. చేతులు వణికేవారికి, హెడ్ పాయింటర్ వాడేవారికి మౌస్ బటన్‌ను అదిమి ఉంచి కదపడం చాలా కష్టం. వెబ్‌ను అందరూ వాడగలిగేలా చేయడానికి 2023 అక్టోబర్‌లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2 ప్రమాణం, ఏఏ స్థాయిలో 2.5.7 నియమం కింద, లాగితే జరిగే ప్రతి పనినీ లాగకుండా ఒకే పాయింటర్‌తో, అంటే క్లిక్‌లతోనే, చేసే వీలు ఉండాలని చెబుతోంది. లాగడమే తప్పనిసరైన పనులకు మాత్రం మినహాయింపు ఉంది. ఎలిమెంట్‌ను సెలెక్ట్ చేసి ‘ఫలానా కంటెయినర్‌లోకి పంపు’ అనే మెనూ, వరుసలో పైకి కిందికి జరిపే బటన్లు దీనికి సరిపోతాయి. ఆ మెనూలో కంటెయినర్లు పేర్లతోనే కనిపించాలి. పేర్లు పెట్టకుండా ప్యానెల్1, ప్యానెల్2 అని వదిలేసిన డిజైన్‌లో ఏది ఏదో చెప్పడం కష్టం, స్క్రీన్ రీడర్ వాడేవారికైతే మరీ కష్టం.

ఎలిమెంట్‌ను తరలించే పనంతా, అంటే గుండ్రపు చెట్టు తనిఖీ, పేరు పరిధి తనిఖీ, సూచనల సరిచేత, అన్‌డూ నమోదు, ఒకే ఫంక్షన్‌లో ఉన్న ఎడిటర్‌కు ఈ మెనూ చేర్చడం చిన్న పని. మౌస్ ఈవెంట్ల మధ్యలో ఆ తనిఖీలను చెల్లాచెదురుగా రాసుకున్న ఎడిటర్‌లో మెనూ కోసం అవన్నీ మళ్లీ రాయాలి. రెండు చోట్ల రాసిన నియమాలు కొన్నాళ్లకు వేరుపడతాయి. అప్పుడు మౌస్‌తో లాగితే పనిచేసే బటన్, మెనూతో పంపితే మొరాయిస్తుంది.